గొంగడి మీద స్పీకర్

ఉరుకుందుకు ఆదోని బజారంతా తిరిగినా అడాప్టర్ దొరకలేదు.

మైకులు దొరికాయి. రికార్డర్ దొరికింది. ఆ రెండింటికీ ముడివేసే వేలెడు ముక్క మాత్రం ఏ దుకాణంలోనూ లేదు. అన్నీ కుదిరిన పెళ్ళిలో పుస్తెలతాడు మరిచిపోయినట్టయింది అతని పని.

అడిగిన చోటల్లా ఏదో ఒకటి చేతిలో పెట్టారు. అవన్నీ రెండు మైకుల శబ్దాన్నీ ఒకే గుంటలో పోసేవి. ఉరుకుందుకు అది పనికిరాదు. ఎడమ మైకులో పడిన గొంతు ఎడమ చెవిలోనే పలకాలి, కుడి మైకులోది కుడి చెవిలోనే. స్టీరియో అంటే అదీ.

"ఏమైతాదన్నా, గొంతు వినపడితే చాలదా?" అన్నాడు చివరి దుకాణం అతను.

"వినపడితే చాలనుకునేటోడు సంతలో టముకు కొట్టుకోవచ్చు," అని మెట్లు దిగాడు ఉరుకుందు.

అంత పొగరు ఎందుకంటే, మైకు సెట్ల పనిలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. అంత తొందర ఎందుకంటే, సుంకమ్మకు గొంతులో గడ్డ లేచింది. వారంలో కర్నూలులో ఆపరేషన్. ప్రాణం దక్కుతుంది, గొంతు దక్కదు అని డాక్టర్లు ముందే చెప్పారు.

సుంకమ్మ అతని గురువు. కోడిగుట్ట మఠంలో ఆమె పాడుతుంటే వినడం తప్ప, అతని బతుకులో ఇంకో తీర్థం, ఇంకో యాత్ర లేవు. ఆ గొంతు పోకముందే దాన్ని పట్టుకోవాలి. పట్టుకుంటే తనే పట్టుకోవాలి.

కోడిగుట్ట మఠంలో విగ్రహం లేదు, గంట లేదు. ఎప్పుడో గొంగడి తాత అనే తత్వాల మనిషి అక్కడ కూర్చుని పాడాడట. ఆయన పోయాక ఆయన కప్పుకున్న నల్ల గొంగడి మిగిలింది. అదే పీఠం. దాని మీద కూర్చున్నవారు పాటలో ప్రశ్న వేస్తారు. కింద రెండు వరసల్లో కూర్చున్న శిష్యులు పాటలోనే జవాబు చెబుతారు. అంతకు మించి అక్కడ పూజ లేదు.

గొంగడి ఎవరిదనే దానికి ఒక కట్టుబాటు ఉంది. గురువు నోరు ఆగిపోయిన ఏడు, తాత ఆరాధన రోజున, వరసల్లోంచి ఎవరు ప్రశ్న అందుకుంటారో, ఎవరి ప్రశ్నకు వరస జవాబిస్తుందో, గొంగడి వాళ్ళది. వరస పలక్కపోతే అడిగినవారు మాట్లాడకుండా వెనక్కి వచ్చి కూర్చోవాలి. కులం చూడరు, చదువు చూడరు, ఓట్లు అడగరు. సుంకమ్మ కూడా అట్లాగే ఎక్కింది. అంతకు ముందు ఆమె రోడ్డు పక్కన కంకర కొట్టే మనిషి.

ఈసారి ఎవరు అందుకుంటారో అందరికీ తెలుసు. ఎడమ వరసలో మొదట కూర్చునే హుసేనమ్మ. దూదేకుల ఇంటి ఆడబిడ్డ. పగలంతా పరుపులు కుట్టి, జుట్టులో దూది పోగులతోనే గుట్ట ఎక్కుతుంది. గొంతు కాస్త గరుకు. కానీ ఆమె పిలిస్తే చేను అవతలి మనిషి కూడా తలతిప్పి చూస్తాడు. సుంకమ్మ పాటలన్నీ ఆమె నోట్లో ఉన్నాయి.

ధర్మకర్త నాగలింగప్పకు ఇది మింగుడుపడలేదు. ఆయనకు పత్తి మిల్లు ఉంది. మఠానికి రేకుల పంచ వేయించింది ఆయనే. పంచ మీద తన పేరు ఎంత పెద్ద అక్షరాలతో రాయించాడంటే, గుట్ట కిందినుంచి చదివినవాళ్ళు ఆయనే గొంగడి తాత అనుకుంటారు. దూదేకులామె పైన కూర్చుంటే తాను కింద కూర్చోవాలా అన్నది ఆయన బాధ. ఆ మాట తనవాళ్ళతోనే అనేవాడు. నలుగురిలో మాత్రం శ్రుతి గురించి మాట్లాడేవాడు.

ఉరుకుందు ఏ వరసలోనూ కూర్చోడు. వైర్ల దగ్గర కూర్చుంటాడు. పాడమంటే, "నా పని వినడమమ్మా," అంటాడు. వినయంలా వినిపించే ఆ గర్వాన్ని సుంకమ్మ చాలాసార్లు చూసీ చూడనట్టు వదిలేసింది.

*

అడాప్టర్ దొరకని మరునాడు ఉరుకుందు తన మైకులన్నీ మఠానికి తెచ్చి సుంకమ్మ ముందు పరిచాడు. గాజులు అమ్మేవాడి మలారంలా ఉంది ఆ చాప.

"ఇది నాలుగు దిక్కులా వింటుంది, అమ్మా. ఇది ముందున్నదే వింటుంది, వెనకది వినదు. ఇది చొక్కాకు పెట్టుకునేది, గుసగుస కూడా పడుతుంది."

సుంకమ్మ రెండోదాన్ని చేతిలోకి తీసుకుంది. "ముందుండేది ఒకటే వింటాదా? వెనకాల ఎవరు ఏడ్చినా పట్టదా?"

"పట్టదమ్మా."

"అట్లయితే ఇది నాగలింగప్పకు బంధువే," అంది.

నాగలింగప్ప పక్కనే ఉన్నాడు. నవ్వినట్టు పెదాలు కదిపాడు. తర్వాత ఉరుకుందును పంచ స్తంభం చాటుకు పిలిచి చెవిలో చెప్పాడు. "చొక్కా మైకే పెట్టు. అమ్మ గొంతు ఒకటే పడాల. ఆ హుసేనమ్మ గొంతు ఒక్క ముక్క కూడా పడకూడదు. అర్థమయిందా?"

స్తంభం చాటు అనుకున్నాడు గానీ, కంకర కొట్టి పెరిగిన మనిషికి చెవులు పాముచెవులు. సుంకమ్మ లేచి వచ్చింది. ఆ చిన్న మైకును తీసి, దాని క్లిప్పును నాగలింగప్ప చొక్కాకు తగిలించింది. ఉరుకుందు వెంట తెచ్చిన స్పీకర్ మీట తనే నొక్కింది.

"ఇప్పుడు చెప్పప్పా. అందరూ వింటారు."

వరసల్లో కూర్చున్నవాళ్ళంతా అటు తిరిగారు. నాగలింగప్ప ఊపిరి రేకుల కింద బుస్సుమని వినపడింది. ఆయనే క్లిప్పు ఊడదీసి చాప మీద పడేసి, పని ఉందని గుట్ట దిగాడు.

"జవాబు లేని ప్రశ్నను పట్టుకోని ఏం చేస్తావు రా?" అంది సుంకమ్మ, ఉరుకుందుతో. "అందరూ పడాల. నా నోరూ, వాళ్ళ నోరూ."

ఉరుకుందుకు కావలసిందీ అదే. ఎడమ పక్క ఒక మైకు, కుడి పక్క ఒక మైకు. ఎడమ వరసలో హుసేనమ్మ, కుడి వరసలో వడ్రంగి రామప్ప, సరిగ్గా మధ్యన అమ్మ. వినేవాడు కళ్ళు మూసుకుంటే పంచలో కూర్చున్నట్టే ఉండాలి.

అడాప్టర్ దొరక్కపోతే పీడాపోయె, తనే చేసుకుంటానన్నాడు. పాత వైర్లు కోసి, లావు పిన్నులు రెండింటినీ ఒక సన్న పిన్నుకు కలుపుతూ మధ్యాహ్నమంతా సీసం కరిగించాడు. ఎర్ర తీగ, తెల్ల తీగ, రాగి తీగ. పని చేస్తున్నంతసేపూ ఆ దుకాణాల వాళ్ళ ముఖాలే గుర్తొచ్చాయి. ఒక్కొక్కడినీ మనసులోనే వాయించాడు. కోపంతో చేసిన పని కాబట్టి చాలా త్వరగా అయిపోయింది.

*

పొద్దు పొడిచే వేళ రికార్డింగ్ పెట్టుకున్నారు. సుంకమ్మ ఏకతార మీటి అందుకుంది.

"తలుపు లేని ఇంటికమ్మా తాళమెవరు వేసిరీ?"

రెండు వరసలూ బదులిచ్చాయి.

"తాళమేసిన చేతికమ్మా తలుపు తెలియకున్నదీ."

గొంతులో గడ్డ ఉన్న మనిషి పాడుతున్నట్టు లేదు. గడ్డకే పాట నేర్పుతున్నట్టు ఉంది. మధ్యలో ఒకసారి నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. హుసేనమ్మ లేవబోయింది. సుంకమ్మ ఏకతార కొసతో కూర్చోమని సైగ చేసి, తర్వాతి ప్రశ్నను ఇంకో మెట్టు పైనుంచి ఎత్తుకుంది. రోగానికి ఎదురు తిరగడం అంటే ఏమిటో ఆ ఉదయం అందరూ చూశారు. చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకున్న ఉరుకుందు కూడా చూశాడు. కానీ అతని చూపు ఎక్కువగా రికార్డర్‌లో లేచిపడే గీతల మీదే ఉంది.

అంతా అయ్యాక హెడ్‌ఫోన్స్ తీసి అమ్మ తలకు పెట్టాడు. సుంకమ్మ కళ్ళు మూసుకుని విన్నది. ఎడమ చెవి మీద చెయ్యి వేసింది.

"హుసేనమ్మ ఈడుంది." కుడి చెవి మీద వేసింది. "రామప్ప ఈడుండాడు." తర్వాత నుదురు తడుముకుంది. "నేను యాడుండా?"

"మీరు అంతటా ఉన్నారమ్మా!" అన్నాడు ఉరుకుందు. అతనికి కన్నీళ్ళు ఆగలేదు. "నేనూ విన్నా. మీ గొంతు ఒక చోటినుంచి రావడం లేదు. నాలుగు దిక్కులనుంచీ చుట్టుకుంటా ఉంది. దీన్నే స్టీరియో అంటారు. మంచి అడాప్టర్ పడితేనే ఇట్లా వస్తుంది."

"అంతటా ఉంటే పిలిచినప్పుడు పలికేదెట్లరా?" అంది సుంకమ్మ. "ఒకసారి ఆ స్పీకర్ డబ్బాలో వేసి చూడు. మనోళ్ళకు చెవులకు పెట్టుకునే ఈ తట్టలు యాడుంటాయి?"

ఉరుకుందు చిన్నబుచ్చుకున్నాడు. "డబ్బాకేం తెలుసమ్మా దీని విలువ? గాడిదకేం తెలుసు గంధం వాసన?"

ఆ తర్వాతి సోమవారం సుంకమ్మను కర్నూలు తీసుకుపోయారు.

*

తిరిగొచ్చిన సుంకమ్మ మెడకు తెల్లగుడ్డ కట్టుకుని ఉంది. గుడ్డ కింద ఊపిరి తీసుకునే రంధ్రం. నోరు కదిలేది, మాట వచ్చేది కాదు. చిటికెతో పిలిచేది, చేత్తో చెప్పేది, కోపం వస్తే నేల మీద అరచేత్తో కొట్టేది. ఆ దెబ్బకు మఠంలో పిల్లులు కూడా సర్దుకునేవి.

ఆరాధన దగ్గరపడింది. నాగలింగప్ప ఉరుకుందు దుకాణానికి తనే వచ్చాడు. అట్లా రావడం అదే మొదలు. కుర్చీ తుడవకముందే కూర్చున్నాడు.

"నీ పుణ్యమా అని అమ్మ గొంతు నిలిచింది. ఇంక ఆ గొంతే ఏటేటా ప్రశ్న వేస్తాది. గొంగడి మీద నీ స్పీకర్ పెడదాం. అమ్మ గొంతు అడుగుతా ఉండంగా ఇంకొకరు అందుకునే అవసరమేముంది? ఎన్ని తరాలైనా అమ్మే గురువు."

ఉరుకుందు దాన్ని మరోలా ఆలోచించలేదు. అమ్మ ఎప్పటికీ ఉంటుందన్న మాట ఒక్కటే అతని చెవిలో పడింది. తన పనితనం వల్ల ఉంటుందన్న మాట ఇంకా లోపలికి పోయింది. పొగడ్త ముందు ఎంతటి చెవికైనా తలుపుండదు.

"ఒకటే మాట," అన్నాడు నాగలింగప్ప లేస్తూ. "ఆరాధన దాకా దాన్ని ఎవురికీ వినిపించొద్దు. ముట్టు మైల కాకుండా పసుపుగుడ్డలో కట్టి పెట్టు."

అందుకని ఉరుకుందు స్పీకర్‌ను వేరే పాటలతో పరీక్షించాడు గానీ, ఈ రికార్డును వేసి చూడలేదు.

ఆరాధన నాటి ఉదయం గుట్ట మీద జనం నిండిపోయారు. గొంగడి మీద పట్టుగుడ్డ, పట్టుగుడ్డ మీద ఒకే ఒక్క నల్లటి స్పీకర్, దానికి బంతిపూల దండ. ఉరుకుందు రికార్డర్‌నుంచి వచ్చే రెండు దారులనూ ఒకటి చేసే పిన్ను తగిలించి, వైరు సర్దుతున్నాడు. హుసేనమ్మ వచ్చి దండేసిన స్పీకర్‌ను చూసింది.

"ఉరుకుందన్నా, నేనేం జెయ్యాల ఈపొద్దు?"

"నువ్వేం చేయక్కర్లేదు, హుసేనమ్మా. వింటే చాలు."

ఆమె అతన్ని అట్లాగే చూసింది. పోయి తన చోట కూర్చుంది. ఆ చూపు అతనికి నచ్చలేదు. వైర్లలోకి తల దూర్చాడు.

సుంకమ్మ వచ్చింది. గొంగడి పక్కన ఆమె కోసం కుర్చీ వేసి ఉంది. ఆమె కుర్చీ వైపు చూడనైనా లేదు. స్పీకర్‌ను ఒకసారి కిందినుంచి పైకి చూసి, నడిచి వచ్చి ఉరుకుందు పక్కన, వైర్ల మధ్య, నేల మీద కూర్చుంది.

నాగలింగప్ప చేతులు జోడించాడు. "అమ్మ నోరు ఆగలేదు. అమ్మే అడుగుతాది, మనమందరమూ విందాం. వరసల్లో ఎవరూ నోరు తెరవొద్దు. అమ్మ గొంతుకు అడ్డు రావొద్దు."

ఉరుకుందు మీట నొక్కాడు.

స్పీకర్‌లో సన్నగా గాలి వినపడింది. తర్వాత ఎక్కడో మూట కట్టిన గుడ్డలోంచి వచ్చినట్టు ఒక జీర చప్పుడు. ఆ తర్వాత గుట్టంతా అదిరేట్టు,

"తాళమేసిన చేతికమ్మా తలుపు తెలియకున్నదీ."

హుసేనమ్మ గొంతు, రామప్ప గొంతు. ఇద్దరివీ స్పష్టంగా ఉన్నాయి. ప్రశ్న లేదు.

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మళ్ళీ అదే ఖాళీ. మళ్ళీ జవాబు. ఏకతార కూడా లేదు. అమ్మ ఒళ్ళో ఉన్నదీ, అమ్మ నోట్లో ఉన్నదీ అన్నీ పోయి, పక్కవాళ్ళు మాత్రం గాలికి బదులిస్తున్నట్టు ఉంది.

"అమ్మ ఏదప్పా?" అన్నారెవరో వెనకనుంచి.

ఉరుకుందుకు ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. సీసం కరిగించిన ఆ మధ్యాహ్నం కళ్ళ ముందు కనపడింది. కుడి మైకు పిన్నులో ఎర్ర తీగ ఉండవలసిన చోట తెల్లది అతికించాడు. దాంతో ఒక మైకు ముందుకు నెట్టినప్పుడల్లా రెండోది వెనక్కి లాగింది. చెరొక చెవికి విడిగా పెట్టుకుంటే అది బయటపడదు, గొంతు చుట్టుకుంటున్నట్టు ఉంటుంది. రెండూ ఒకే స్పీకర్‌లో కలిసేసరికి, రెండింటికీ సమాన దూరంలో కూర్చున్న మనిషి గొంతును అవి చెరో పక్కకు లాగి చంపేశాయి. పక్కలనున్నవాళ్ళు మిగిలారు. మధ్యనున్న అమ్మ పోయింది.

అంతటా ఉన్నారమ్మా అని తను ఏడ్చింది ఈ తప్పును చూసుకునే.

విరుగుడు కూడా తెలుసు. చేతిలో పనే. పిన్నును సగం బయటికి లాగితే ఒక మైకు శబ్దం ఒకటే స్పీకర్‌కు పోతుంది. అమ్మ గొంతు తక్షణం పలుకుతుంది. చెయ్యి చాచాడు.

అతని మణికట్టు మీద సుంకమ్మ చెయ్యి పడింది.

"ఒక్క నిమిషమమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "పిన్ను కొంచెం లాగితే చాలు. మీ గొంతు వస్తుంది. లోపలే ఉంది, ఎక్కడికీ పోలేదు."

సుంకమ్మ తల అడ్డంగా ఊపింది. పట్టు వదల్లేదు. సుత్తి పట్టి బండలు పగలగొట్టిన చెయ్యి అది. ఉరుకుందు ఆమె ముఖంలోకి చూశాడు. గొంతు పోయిన దుఃఖం కోసం వెతికాడు. అక్కడ దుఃఖం లేదు. ఆపరేషన్‌కు ముందు, నొప్పిని తొక్కిపట్టి పైమెట్టు ఎత్తుకున్నప్పటి ముఖమే ఉంది.

రెండో చేత్తో ఆమె నేల మీద తాళం వేయడం మొదలుపెట్టింది. పాట తాళం. స్పీకర్‌లోని ఖాళీకి సరిగ్గా సరిపోయే తాళం.

ఎడమ వరసలో హుసేనమ్మ ఆ చప్పుడు విన్నది.

నాగలింగప్ప కంగారుగా ఉరుకుందు వైపు వస్తున్నాడు. స్పీకర్‌లో ఒక జవాబు అయిపోయింది. గాలి మొదలైంది. ప్రశ్న ఉండవలసిన చోటు వచ్చింది. హుసేనమ్మ లేచి నిలబడింది. జుట్టులో దూది పోగు అట్లాగే ఉంది.

"నీరు లేని బావిలోకి చేద ఎవరు విడిచిరీ?"

గరుకు గొంతు. మైకు లేదు, అడాప్టర్ లేదు. రేకుల పంచ దాటి, నాగలింగప్ప పేరు దాటి, గుట్ట కింద గొర్రెలు కాసేవాళ్ళ దాకా పోయింది.

వరసలు పలకలేదు. నోరు తెరవొద్దని ధర్మకర్త చెప్పి ఉన్నాడు. రామప్ప తల వంచుకుని చేతులు నలుపుకుంటున్నాడు. వరస పలక్కపోతే ఆమె మాట్లాడకుండా కూర్చోవాలి. కట్టుబాటు అదీ.

అప్పుడు గొంగడి మీది స్పీకర్ పలికింది.

"చేద విడిచిన చేతికమ్మా దప్పి వదలకున్నదీ."

రామప్ప నోరు తెరవకముందే రామప్ప గొంతు జవాబిచ్చేసింది. హుసేనమ్మ అడిగినదానికి హుసేనమ్మ గొంతే శిష్యురాలై బదులు చెప్పింది. రామప్ప తల ఎత్తి స్పీకర్ వైపు వెర్రిగా చూశాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు. "అన్నా, నువ్వు పలికేసినావు కదా!"

రామప్పకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే అదే చరణాన్ని రెండోసారి తన నోటితో అందుకున్నాడు. అతని వెనక కుడి వరస అందుకుంది. ఎడమ వరస అందుకుంది. నోరు మూసుకోమన్న మాటమీద అంతసేపూ ఉగ్గబట్టుకున్న గొంతులన్నీ ఒక్కసారి లేచేసరికి రేకులు దడదడలాడాయి.

నాగలింగప్ప ఉరుకుందు భుజం పట్టుకుని కుదిపాడు. "ఆపు ముందు దీన్ని! యాడ పోయిందిరా అమ్మ గొంతు? బాగు చెయ్యి. బాగు చేసేది రాదా నీకు?"

సుంకమ్మ తన చెయ్యి తీసేసింది. ఇప్పుడు ఉరుకుందు మణికట్టును పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. పిన్ను రెండు వేళ్ళ దూరంలో ఉంది.

హుసేనమ్మతో పొద్దున తను అన్న మాట అతనికి గుర్తొచ్చింది. వింటే చాలు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"వచ్చు," అన్నాడు. "చెయ్యను."

"ఏమన్నావు?"

"వచ్చు సామీ. చెయ్యను."

నాగలింగప్ప ఎవరితోనైనా చెప్పించాలని చుట్టూ చూశాడు. అందరూ పాడుతున్నారు.

సుంకమ్మ లేచింది. గొంగడి దగ్గరికి నడిచింది. పట్టుగుడ్డతో సహా, బంతిపూల దండతో సహా, స్పీకర్‌ను రెండు చేతులా ఎత్తుకుంది. వైరు నేలమీద పాకుతూ ఆమె వెంట వచ్చింది. ఎడమ వరసలో, హుసేనమ్మ లేచిన చోట ఖాళీ ఉంది. స్పీకర్‌ను తెచ్చి అక్కడ పెట్టింది. శిష్యుల మధ్య, తక్కిన అందరిలాగే గొంగడి వైపు ముఖం తిప్పి పెట్టింది.

పట్టుగుడ్డ తీసేసి మడిచి నాగలింగప్ప చేతికిచ్చింది.

తర్వాత హుసేనమ్మను చూసి చిటికె వేసింది. వేలితో గొంగడిని చూపింది. హుసేనమ్మ కదల్లేదు. ఏడుస్తోంది. సుంకమ్మ అక్కడే కూర్చుని నేల మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టింది. హుసేనమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని పోయి గొంగడి మీద కూర్చుంది.

సుంకమ్మ ఇంకో చిటికె వేసింది. ఈసారి ఉరుకుందుకు. స్పీకర్ పక్కన నేలను చూపింది.

ఉరుకుందు మెడలో హెడ్‌ఫోన్స్ వేలాడుతున్నాయి. తీసి వైర్ల కుప్ప మీద పెట్టాడు. వచ్చి స్పీకర్ పక్కన మఠం వేసుకుని కూర్చున్నాడు. వరసలో కూర్చోవడం అతనికి అదే మొదలు. మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. పక్కన స్పీకర్‌లో అమ్మ ఉంది. అతనికి తెలుసు. ఎంత దగ్గరగా ఉందో కూడా తెలుసు.

గొంగడి మీదినుంచి ప్రశ్న వచ్చింది.

"మోయలేని మూటనమ్మా మోయమన్నదెవ్వరూ?"

స్పీకర్ జవాబు అందుకుంది. రామప్ప అందుకున్నాడు. వరసలు అందుకున్నాయి. ఉరుకుందు కూడా నోరు తెరిచాడు.

"మూట దించని నెత్తికమ్మా మోత తీపి అయినదీ."

అతని గొంతు ఒక పక్కకు, శ్రుతి ఒక పక్కకు పోయాయి. అందరి గొంతుల్లోనూ అది వేరుగా, అపశ్రుతిగా, అందరికీ వినపడింది. సిగ్గుపడి ఆగబోయి సుంకమ్మ వైపు చూశాడు.

ఆమె తొడ మీద తాళం వేస్తూనే, ఇంకా గట్టిగా అన్నట్టు చెయ్యి పైకెత్తింది.